పత్రికల ముఖపత్రములు - చారిత్రక సాక్ష్యము

పత్రికల చరిత్రను గూర్చి మన భాషలో వెలువడిన రచనలు తక్కువ కావు. సంపాదకుల జీవితములు, సంపాదకీయముల భావధార, భాషాశైలి, పత్రికలకును ప్రభుత్వమునకును నడచిన సంఘర్షణము - ఇవి యన్నియు పరిశోధకుల దృష్టికి వచ్చినవి. కాని పత్రిక చేతికి రాగానే పాఠకుడు మొట్టమొదట చూచునది సంపాదకీయము కాదు, ముఖపత్రము. దుకాణమున వ్రేలాడుచున్న పత్రికను కొనక దారిని పోవువాడు సైతము ముఖపత్రమును చూచియే పోవును. అక్షరము రానివానికి పత్రికలో అందునది అది యొక్కటియే. ఇంతటి వ్యాప్తి గలిగియు అది మన పరిశోధనలో తగిన చోటు సంపాదింపలేదు.

ఇందులకు కారణము కొంత మన గ్రంథాలయములలోనే కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పాత వారపత్రిక సంచికలను పరిశీలింపబోయితిమి. ఏడాది సంచికల నొక సంపుటముగా కుట్టించి, గట్టి అట్ట వేయించి, శ్రద్ధతో భద్రపఱచియున్నారు. కాని యే సంచికకును ముఖపత్రము లేదు. ఒక సంచిక ముగియును. వెంటనే మఱియొక సంచిక మూడవ పుటతో మొదలగును. బైండు చేసిన పనివాని నడుగగా, "అట్టలు మందం కదండీ, అవి ఉంటే కుట్టు సరిగా కూర్చోదు. ప్రకటనల కాగితాలతోపాటు వాటినీ తీసేయడమే వాడుక" అని చెప్పెను. అతడు తన పని తాను చక్కగా చేసెను. ఆ కాగితమునకు విలువ కట్టని దోషము మనది.

ముఖపత్రము రాజకీయ సాంఘిక సంఘటనలను ఎట్లు చూపును? ఆ చూపుటను చరిత్రకారుడు ఎంతవఱకు విశ్వసింపవచ్చును? కొన్ని ప్రసిద్ధ ముఖపత్రముల ఆధారమున ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము. మా నిర్ణయమును ముందుగనే చెప్పుచున్నాము. ముఖపత్రము సంఘటనకు అద్దము కాదు. సంఘటన యింకను ముగియకమునుపే వెలువడిన తీర్పు. దానిని అద్దమని నమ్మినవాడు మోసపోవును. తీర్పే గదా యని త్రోసివేసినవాడు నాటి ప్రజలు మొదట విన్న మాటనే పోగొట్టుకొనును.

మొదటి యుదాహరణము ఫ్రాన్సు దేశమునకు చెందినది. 1863లో పారిస్ నగరమున స్థాపింపబడిన 'లె పెతీ జుర్నాల్' అను దినపత్రిక పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దమున సుమారు పది లక్షల ప్రతులు అమ్ముడుపోవుచుండెను. దానికి రంగులలో అచ్చయిన సచిత్ర వారపు అనుబంధము కలదు. ఆ అనుబంధము 1895 జనవరి 13వ తేదీ సంచిక ముఖపత్రమున ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అను సైనికాధికారికి జరిగిన అవమానము చిత్రింపబడెను. యూదుడైన ఈ యధికారి జర్మనీకి సైనిక రహస్యములను అమ్మెనని సైనిక న్యాయస్థానము 1894 డిసెంబరు 22న నిర్ణయించెను. 1895 జనవరి 5న సైనిక పాఠశాల ప్రాంగణమున, బారులు తీర్చిన సేనల యెదుట, అతని దుస్తుల మీది చిహ్నములను పెఱికివైచి ఖడ్గమును విఱిచిరి. ఆన్రీ మేయర్ అను చిత్రకారుడు ఆ ఖడ్గము విఱుగుచున్న క్షణమునే ముఖపత్రమున నిలిపెను. దాని శీర్షిక 'ద్రోహి'.

ఈ ముఖపత్రమును నిదానముగా పరిశీలింపవలెను. చిత్రించిన విషయములో అబద్ధము లేదు. ఖడ్గము విఱిచిన మాట నిజము. చిహ్నములు పెఱికిన మాట నిజము. అబద్ధ మంతయు శీర్షికలోని ఒక్క పదమున ఉన్నది. విచారణ మూసిన తలుపుల వెనుక జరిగెననియు, నిందితుని న్యాయవాదికి చూపని రహస్యపత్రములు న్యాయమూర్తులకు అందెననియు నాటి పాఠకులకు తెలియదు. అంతేకాదు. ఆ ప్రాంగణమున డ్రేఫస్ తాను నిర్దోషినని బిగ్గఱగా అఱచెను. చిత్రమునకు గొంతు లేదు. ఆ యఱపును శీర్షిక యొక్కటియే అందింపగలిగెడిది, అది యందింపలేదు.

సరిగా మూడు సంవత్సరములకు, 1898 జనవరి 13ననే, 'లోరోర్' అను మఱియొక పారిస్ పత్రిక మొదటి పుటపై ఎమిల్ జోలా దేశాధ్యక్షునికి వ్రాసిన బహిరంగలేఖ వెలువడెను. నేను ఆరోపించుచున్నాను అను అర్థము గల పెద్ద అక్షరముల శీర్షిక తప్ప అందు బొమ్మ లేదు. రంగుల చిత్రము పలికిన తీర్పును నల్లని అక్షరములు ప్రశ్నించినవి. జోలాకు శిక్ష పడెను. ఆయన ఇంగ్లండునకు తప్పించుకొనిపోయెను. తుదకు 1906 జులై 12న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము డ్రేఫస్ నిర్దోషి యని ప్రకటించెను. జులై 21న, అవమానము జరిగిన ఆ సైనిక పాఠశాలలోనే, ఆయనకు గౌరవపతకము నిచ్చిరి. 1895నాటి ముఖపత్రము నేడు డ్రేఫస్ దోషమునకు సాక్ష్యము కాదు. ఒక సమాజము ఎంత సులభముగా నమ్మెనో దానికి సాక్ష్యము. చిత్రమును, శీర్షికను వేఱు చేసి చదువవలె నన్నది ఇందుండి మనము నేర్చు మొదటి పాఠము.

ఇక మన దేశమునకు వత్తము. దక్షిణ భారతమున రాజకీయ వ్యంగ్యచిత్రమును తొలుత ప్రచారమునకు తెచ్చిన పత్రిక 1906లో మద్రాసున ప్రారంభమైన 'ఇండియా' అను తమిళ వారపత్రిక. దాని సంపాదకత్వమును నిర్వహించినవాడు మహాకవి సుబ్రహ్మణ్య భారతి. వంగదేశ విభజనానంతరము స్వదేశీ ఉద్యమము ఉప్పొంగిన కాలమది. 1907లో బిపిన్ చంద్రపాలు ఆంధ్రదేశపు పట్టణములలో ఉపన్యసించుచు మద్రాసు చేరెను. బందరున 1902లో పుట్టిన 'కృష్ణాపత్రిక' ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమునకు వచ్చినదియు 1907లోనే. ఆ దినములలో 'ఇండియా' తన మొదటి పుటను వ్యంగ్యచిత్రమునకు కేటాయించెను. దొరతనము, మితవాద నాయకులు, విదేశీ వస్తువ్యామోహము ఆ చిత్రములకు గుఱి యయినవి.

చదువరులు మిక్కిలి తక్కువగా నున్న నాటి సమాజమున ఈ మార్పు చిన్నది కాదు. సంపాదకీయమును ఒకడు చదువగా పదిమంది వినవలసియుండెను. చిత్రమును పదిమందియు ఒక్కసారి చూడగలరు. చిత్రము క్రింద తాత్పర్యము వ్రాయుట ఆ పత్రిక పద్ధతి. కొత్తగా వచ్చిన ఈ చిత్రభాషను ఎట్లు చదువవలెనో పాఠకునికి పత్రికయే నేర్పవలసి వచ్చె నన్నమాట. పురాణగాథల బొమ్మలకు అలవాటుపడిన కన్నులకు ప్రభుత్వాధికారిని, రాజకీయ నాయకుని బొమ్మలో గుర్తించుట ఒక నూతనాభ్యాసము. 1908లో పత్రికపై రాజద్రోహ నేరము మోపబడెను. చట్టరీత్యా ప్రచురణకర్తగా నమోదయిన శ్రీనివాసన్ అను నతనికి శిక్ష పడెను. భారతి ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరికి పోయెను. పత్రికయు అచటికి తరలెను. బ్రిటిషు భారతమున దాని ప్రవేశమును నిషేధించుటతో పాఠకులు దూరమై 1910లో ఆగిపోయెను. ఇచ్చట ముఖపత్రము అధికారము పలికిన తీర్పును పునరుక్తి చేయలేదు, దాని నెదిరించినది. ముఖపత్ర మెవరి పక్షమున మాటలాడుచున్నది, దానికై ఎవరు మూల్యము చెల్లించిరి అను ప్రశ్నలను అడుగక దానిని చదువరాదు. ఇది రెండవ పాఠము.

మూడవ యుదాహరణము అమెరికాలో 1923లో పుట్టిన 'టైమ్' వారపత్రిక. సంఘటనను వ్యక్తి ముఖముగా మార్చుట ఆ పత్రిక ముఖపత్రముల ప్రధాన లక్షణము. సంవత్సరాంతమున ఆ యేటి ప్రముఖవ్యక్తిని ప్రకటించు సంప్రదాయము 1927వ సంవత్సరమునకు గాను విమానయానవీరుడు లిండ్‌బర్గ్‌తో మొదలయ్యెను. 1930వ సంవత్సరమునకు గాంధీమహాత్ముడు ఎన్నిక కాగా, 1931 జనవరి 5 సంచిక ముఖపత్రమున ఆయన చిత్రము వెలువడెను. ఆ దినమున గాంధీజీ ఎరవాడ కారాగారమున బంధితుడై యుండెను. జనవరి 26న గాని విడుదల కాలేదు. ఏ సామ్రాజ్యము తన ఖైదీ యని బంధించెనో, ఆ ఖైదీని సముద్రము కావలి పత్రిక సంవత్సరపురుషు డనెను. ఇది గొప్ప విషయమే. కాని ఉప్పు సత్యాగ్రహము ఒక్కని పని కాదు. ఆంధ్ర తీరమున ఉప్పు వండి చెఱసాల కేగినవారు, లాఠీ దెబ్బలు తిన్నవారు, ఇల్లు విడిచి వచ్చిన స్త్రీలు - వీరెవ్వరును ఆ ముఖమున కానరారు. ఉద్యమమును ఒక ముఖముగా కుదించుట ముఖపత్రమునకు బలము. అదియే దాని లోపము.

ఎనిమిది సంవత్సరముల తరువాత ఆ పత్రికయే 1938వ సంవత్సరపు వ్యక్తిగా హిట్లరును ఎన్నుకొనెను. ఆ యేడు ఆస్ట్రియా అతని వశమయ్యెను. మ్యూనిక్ ఒప్పందము చెకొస్లొవాకియాను ఛేదించెను. ఎన్నిక గౌరవము కాదనియు, మంచికో చెడుకో లోకమును ఎక్కువగా మార్చిన వ్యక్తిని గుర్తించుట మాత్రమే యనియు పత్రిక వాదము. ఐనను 'టైమ్ హిట్లరును గౌరవించెను' అను మాట నేటికిని వినవచ్చుచున్నది. అట్లనువారు 1939 జనవరి 2 సంచిక ముఖపత్రమును చూడనివారు. అందు హిట్లరు ముఖపటము లేదు. నాజీల నిర్బంధ శిబిరమున యాతన లనుభవించి ప్రవాసి యయిన రుడాల్ఫ్ వాన్ రిప్పర్ గీసిన చిత్రమది. ఒక బ్రహ్మాండమైన ఆర్గన్ వాద్యము ముందు హిట్లరు చిన్న యాకృతియై కూర్చుండి వాయించుచున్నాడు. పైని చక్రమునకు మానవ కళేబరములు వ్రేలాడుచున్నవి. డ్రేఫస్ ముఖపత్రమున శీర్షిక చిత్రమును చెఱిచినది. ఇచ్చట చిత్రము శీర్షికను సరిదిద్దినది. ముఖపత్రము చినిగిపోయి లోపలి పుటలు మాత్రమే మిగిలిన సంపుటమున ఈ వ్యత్యాసము ఎవనికి కనబడును?

హిట్లరు మరణానంతరము 1945 మే 7 సంచికలో అతని ముఖముపై ఎఱ్ఱని అడ్డగీతలు రెండు గీసి ప్రచురించిరి. ఆ గుర్తు తరువాతి కాలమున సంప్రదాయమయ్యెను. 2003 ఏప్రిల్ 21 సంచికలో సద్దాం హుస్సేను ముఖముపైనను, 2011 మే 20 సంచికలో ఒసామా బిన్ లాడెన్ ముఖముపైనను ఆ గీతలే పడినవి. కాని ఈ మూటికిని భేదమున్నది. హిట్లరు, లాడెన్ మరణించిన తరువాత వారి ముఖములపై గీతలు పడినవి. సద్దాం ముఖముపై గీతలు పడునాటికి అతడు పట్టుబడనే లేదు. 2003 డిసెంబరులో పట్టుబడెను, 2006 డిసెంబరు 30న ఉరితీయబడెను. ఇరాకులో యుద్ధము అటుతరువాత ఏండ్లకొలది సాగెను. గుర్తు ఒక్కటే, అర్థములు వేఱు. ముఖపత్రము ముగింపు ప్రకటించినంత మాత్రమున చరిత్ర ముగియదు.

తీర్పు పదములతోనే గాక రంగుతోను పలుకవచ్చు నని 1994లో లోకమునకు తెలిసెను. హత్యానేరమున నిర్బంధింపబడిన నల్లజాతి క్రీడాకారుడు ఓ. జె. సింప్సన్ ఛాయాచిత్రమును, పోలీసులు తీసినదానిని, జూన్ 27 సంచికలో 'టైమ్', 'న్యూస్‌వీక్' పత్రికలు రెండును ముఖపత్రమున వేసినవి. న్యూస్‌వీక్ దానిని ఉన్నదున్నట్లు అచ్చువేసెను. టైమ్ ముఖచ్ఛాయను మఱింత నల్లగా మార్చి అచ్చువేసెను. దుకాణమున ప్రక్కప్రక్కన నిలిచిన ఆ రెండు పత్రికలే ఒకదాని గుట్టు మఱియొకటి బయటపెట్టినవి. చర్మమును నల్లబఱచుట నేరమును నిరూపించుటవలె తోచుచున్న దని తీవ్రమైన విమర్శ చెలరేగగా పత్రిక విచారము వెలిబుచ్చెను. న్యాయస్థానమున విచారణ జరిగి 1995 అక్టోబరు 3న ఆయన నిర్దోషి యని తీర్పు వచ్చెను. నేరము చేసెనా లేదా యన్న చర్చ మనకు ప్రస్తుతము కాదు. ఒకే సంఘటనను చూపిన రెండు ముఖపత్రములను ప్రక్కప్రక్కన ఉంచినగాని ఒకదానిలోని తీర్పు బయటపడదు. ఇది మూడవ పాఠము.

కడపటి యుదాహరణము మౌనమునకు సంబంధించినది. 1946 ఆగస్టు 31 నాటి 'న్యూయార్కర్' వారపత్రిక ముఖపత్రమున చార్లెస్ మార్టిన్ గీసిన వర్ణచిత్రము కలదు. వేసవి కాలమున ఒక పచ్చని ఉద్యానమున జనులు ఆటపాటలలో మునిగి విశ్రమించుచున్న దృశ్యమది. పుట త్రిప్పినచో లోపల జాన్ హెర్సీ వ్రాసిన 'హిరోషిమా' కలదు. 1945 ఆగస్టు 6న పడిన అణుబాంబు నుండి బ్రదికి బయటపడిన ఆఱుగురి కథ. సుమారు ముప్పది వేల మాటల ఆ రచనకే సంపాదకులు హెరాల్డ్ రాస్, విలియం షాన్ సంచిక నంతటిని అర్పించిరి. ముఖచిత్రము మాత్రము అంతకుముందే సిద్ధమై యుండెను, దానిని మార్పలేదు. సంగతి తెలియక కొన్నవారు కలవరపడుదు రని తలంచి, న్యూయార్కు దుకాణములకు పోయిన ప్రతులకు లోపలి విషయమును హెచ్చరించు తెల్లకాగితపు పట్టీని చుట్టిరి.

ఈ ముఖపత్రమును ఎట్లు గ్రహింపవలెను? అణుబాంబు ప్రసక్తియే లేని కారణమున ఇది మన విషయమునకు బాహ్య మనవచ్చును. మా యభిప్రాయ మది కాదు. ఉద్యానమున ఆడుకొనుచున్న జనులను చూచుచు పుట త్రిప్పిన పాఠకునికి, ఒక నగరము తన సాధారణమైన ఉదయమున ఉండగా బాంబు పడె నన్న సంగతి ఎదురయ్యెను. సంపాదకులు సంకల్పించినను సంకల్పింపకున్నను, ఆ హాయి యైన చిత్రము లోపలి రచనకు ఉపోద్ఘాత మయ్యెను. ఇది చిత్రకారుని చమత్కారము కాదు. ముఖపత్రమునకును లోపలి పుటకును గల సంబంధమున పుట్టిన యర్థము. ఆ రచన తరువాత గ్రంథముగా వెలువడి ప్రపంచమంతట చదువబడెను. గ్రంథము చదివినవానికి ఈ యర్థము దొరకదు. ముఖపత్రము తీసివేసి కుట్టిన సంపుటమునను దొరకదు. ఆ తెల్లని పట్టీ సంగతి సరేసరి. కొన్న చేతులే దానిని చించి పాఱవైచినవి.

ఏబదియైదు సంవత్సరముల తరువాత ఆ పత్రికయే మౌనమును ఉద్దేశపూర్వకముగా వాడెను. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంట గోపురములు కూలినవి. సెప్టెంబరు 24 సంచికకు ఆర్ట్ స్పీగల్‌మన్, ఫ్రాన్స్వాజ్ మూలీ కూర్చిన ముఖపత్రము మొదటి చూపునకు కేవలము నల్లని కాగితము. వెలుతురునకు ఏటవాలుగా పట్టినపుడు నలుపులో ఇంకను నల్లగా రెండు గోపురముల నీడలు కానవచ్చును. మంటలను, పొగను లోకమంతయు తెరలపై వందలసార్లు చూచిన వారమున ఈ ముఖపత్రము చూపుటకు నిరాకరించి, లేకపోవుటను చూపెను. ఇట్టి ముఖపత్రమునకు ఛాయాప్రతి తీసినచో మిగులునది నలుపు మాత్రమే. అసలు కాగితమును చేత పట్టి త్రిప్పి చూచినవానికే అది పూర్తిగా అందును.

ఈ యుదాహరణము లన్నిటిని సమన్వయించి చూచినచో ముఖపత్రమును చదువగోరు పరిశోధకుడు నాలుగు ప్రశ్నలను వేసికొనవలసి యున్నది. చిత్రము చెప్పునదియు శీర్షిక చెప్పునదియు ఒక్కటియేనా? ఆ సంచిక తేదీ నాటికి ఏది తెలిసియుండెను, ఏది మఱుగుపడి యుండెను? అదే వారమున ఇతర పత్రికలు ఏమి చూపినవి? లోపలి పుటలకును ముఖపత్రమునకును గల సంబంధ మెట్టిది? ఈ నాలుగింటిలో ఒకదానికైనను లోపలి పుటలు మాత్రమే మిగిలిన సంపుటము సమాధాన మీయజాలదు.

మన పత్రికల పరిస్థితి యేమి? 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన 'ఆంధ్రపత్రిక' మొదలుకొని, 1924లో వెలువడిన 'భారతి', 1928నాటి 'గృహలక్ష్మి', 1947 జులైలో మొదలైన 'చందమామ' వఱకు మన పత్రికాప్రపంచము విశాలమైనది. గృహలక్ష్మి వంటి స్త్రీల పత్రిక తన ముఖపత్రమున ఏ స్త్రీని నిలిపినది, స్వాతంత్ర్యము వచ్చిన వేళ, ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన వేళ, ప్రత్యేకోద్యమములు చెలరేగిన వేళ మన వారపత్రికలు ఏ ముఖమును ముందు పెట్టినవి, ఏ ముఖమును దాచినవి అను ప్రశ్నలకు సమాధానములు పుటలలో కాదు, అట్టలపై ఉన్నవి. ఇటీవల పాత సంచికలను యంత్రములచేత ప్రతిబింబించి భద్రపఱచు ప్రయత్నము ముమ్మరముగా సాగుచున్నది. మిక్కిలి సంతోషము. కాని అట్టలు తీసివేసిన సంపుటమునకు ప్రతిబింబము తీసినచో ఆ లోపమే శాశ్వత మగును. ముందు తరమువారు ఆ పత్రికకు ముఖమే లేదని తలంచు ప్రమాదమున్నది.

కావున మా మనవి స్వల్పము. సంచికలను కుట్టించు గ్రంథాలయములు అట్టలను తీసివేయక సంచికతోనే కుట్టించవలెను; కుట్టు కూర్చోనిచో తేదీ వ్రాసి వేఱొక పెట్టెలో ఉంచవలెను. తమ యిండ్లలో విడి సంచికలు గలవారు వాటిని చిత్తుకాగితముల వానికి అమ్మకమునుపు ఒకసారి ముఖపత్రమును చూడవలెను. పరిశోధకులు ఒక్కొక్క పత్రికకు ముఖపత్రముల పట్టికను తయారుచేయుటకు పూనుకొనవలెను. డ్రేఫస్‌ను ద్రోహి యన్న కాగితమును నాడే ఎవరైనను సిగ్గుపడి తగులబెట్టియున్నచో, ఒక దేశము ఎట్లు పొరబడెనో చెప్పు సాక్ష్యము నేడు మనకు లేకపోయెడిది. తప్పుడు తీర్పును సైతము భద్రపఱచుట చరిత్రకారుని ధర్మము. ఆ ధర్మమునకు మన బైండు బల్లపైని కత్తెర అడ్డు రాకుండుగాక.